నోటీసు తెలుగులో ఇస్తే ఏం పోయింది?

సంపాదకుడు గారికి,

అమలాపురంలో సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు ఎదుట దస్తావేజులు రాసుకుని బతికేవాణ్ణి. లోను కట్టకపోతే బ్యాంకు ఇల్లు జప్తు చేయకూడదని నేననను. నా గోడల్లా నోటీసు గురించే.

పోయిన నెల ఒక పెద్దావిడ వచ్చింది. కొడుకు షాపు లోనుకి తన ఇల్లు తనఖా పెట్టింది. "గేటుకి కాగితం అంటించి పోయారు బాబూ, కాస్త చదివిపెట్టు" అంది. అంతకుముందు ఏమైనా వచ్చిందా అంటే సంచిలోంచి ఒక కవరు తీసింది. మూల మీద పసుపు మరక. పోస్ట్‌మాన్ సంతకం పెట్టించుకుని ఇచ్చాడట. ఇంగ్లీషులో ఉందని, కొడుకు వచ్చాక చూపిద్దామని దేవుడి పటం వెనక పెట్టిందట. అది, బాకీ కట్టకపోతే తనఖా ఆస్తిని బ్యాంకు స్వాధీనం చేసుకోనిచ్చే సర్ఫేసీ చట్టం 13(2) కింద ఇచ్చిన డిమాండ్ నోటీసు. నాలుగు పేజీల్లో ఒక్క తెలుగు ముక్క లేదు. అందులో ఇచ్చిన 60 రోజుల గడువు ఎప్పుడో దాటిపోయింది.

ఆ 60 రోజులూ డబ్బు కట్టడానికే కాదు. లెక్క తేడాగా ఉందనో, ఇంకోటనో అభ్యంతరం రాసివ్వొచ్చు. కాదంటే ఎందుకు కాదో బ్యాంకు 15 రోజుల్లో చెప్పాలి. ఆవిడకి ఈ సంగతి చెప్పినవాళ్లు లేరు. లోను ఇచ్చిన రోజు మాత్రం "ఇక్కడ సంతకం పెట్టమ్మా" అని తెలుగులోనే అడిగి ఉంటారు కదా!

ఆ చట్టం కింద 2002లో వచ్చిన రూల్సు చూడండి. స్వాధీనం చేసుకున్నాక ఆ ప్రకటన రెండు పేపర్లలో వేయాలి, అందులో ఒకటి స్థానిక భాషది కావాలి. అంటే ఊరందరికీ తెలిసే కాగితం తెలుగులో, ఆవిడ ముందే మేలుకోవాల్సిన కాగితం ఇంగ్లీషులో! పేపర్లో పడే ఆ తెలుగైనా "రుణగ్రహీతను ప్రత్యేకించి, ప్రజానీకాన్ని సాధారణంగా హెచ్చరించడమేమనగా" అన్న ధోరణిలో, చీమల బారు లాంటి అక్షరాల్లో ఉంటుంది. మా దస్తావేజుల భాష మాత్రం ఏమంత తేలికలెండి, ఒప్పుకుంటాను.

అప్పు తీసుకున్నవాళ్లకి రాసేదంతా వాళ్లకి అర్థమయ్యే భాషలో ఉండాలని ఫైనాన్స్ కంపెనీలకి రిజర్వు బ్యాంకు ఇప్పటికే చెప్పింది. ఇళ్లకి పంపే ఈ డిమాండ్ నోటీసుల విషయంలో బ్యాంకులకీ అదే గట్టిగా చెప్పాలి. కోర్టు వ్యవహారం కాబట్టి ఇంగ్లీషే కావాలంటారా, అది అలాగే ఉంచండి. పైన ఒక్క తెలుగు పేజీ కుట్టండి: ఎంత బాకీ, ఏ తేదీలోగా కట్టాలి, అభ్యంతరం ఉంటే ఎవరికి రాయాలి. గేటుకి అంటించే స్వాధీనం నోటీసు మీద, 45 రోజుల్లో విశాఖపట్నం డీఆర్‌టీకి (బాకీల వసూలు ట్రిబ్యునల్‌కి) వెళ్లొచ్చన్న మాట పెద్ద అక్షరాల్లో వేయండి.

ఆవిడ నా దగ్గరికి వచ్చేసరికి ఆ 45లో 26 రోజులు అయిపోయాయి. విశాఖలో తెలిసిన లాయరున్నారా అని అడిగింది. నాకు తెలిసిన ఇద్దరి నంబర్లు అదే కవరు వెనక రాసిచ్చాను.

ఇట్లు,
ఒక దస్తావేజు లేఖరి,
అమలాపురం