బట్టతల మందులకు నక్షత్రాలా?

సంపాదకుల వారికి,

అయ్యా,

కిందటి ఆదివారం అనుబంధంలో బట్టతల మందులను పోలుస్తూ మీరు ప్రచురించిన పట్టిక గురించి ఈ లేఖ. ఫినాస్టెరైడ్‌కు మూడున్నర నక్షత్రాలు, డ్యుటాస్టెరైడ్‌కు నాలుగున్నర, తలకు రాసుకునే మినాక్సిడిల్‌కు మూడు వేసి, సెల్‌ఫోన్ల బేరం మాదిరి ‘ఎంపిక మీదే’ అని ముగించారు. మొదటి రెండు మందుల విషయంలో ఎంపిక పాఠకుడిది కాదు, వైద్యుడిది. అవి చీటీ చూసి మాత్రమే ఇవ్వవలసిన మందులన్న ఒక్క వాక్యానికి అరపేజీ పట్టికలో చోటు దొరకకపోవడం ఆశ్చర్యమే.

పట్టికలో ఉన్నది అబద్ధమని నేను అనను. పురుష హార్మోను టెస్టోస్టిరాన్‌ను, జుట్టు రాలడానికి కారణమయ్యే డైహైడ్రోటెస్టోస్టిరాన్‌గా మార్చే ఎంజైమును ఈ రెండు మందులూ అడ్డుకుంటాయి. ఆ ఎంజైములో ఫినాస్టెరైడ్ ప్రధానంగా ఒక రకాన్నే ఆపి రక్తంలో ఆ హార్మోనును 70 శాతం దాకా తగ్గిస్తుంది. డ్యుటాస్టెరైడ్ రెండు రకాలనూ ఆపి 90 శాతానికి పైగా తగ్గిస్తుంది. పక్కపక్కన పెట్టి చూసిన పరీక్షల్లో జుట్టు విషయంలో రెండోదే కొంత మెరుగని తేలింది కూడా. అయితే ఫినాస్టెరైడ్ 1 మిల్లీగ్రాము మాత్రకు అమెరికాలో 1997లోనే బట్టతల కోసం అనుమతి రాగా, డ్యుటాస్టెరైడ్‌కు అక్కడ 2001లో లభించిన అనుమతి మగవారి ప్రోస్టేటు గ్రంథి వాపుకే పరిమితం. జుట్టు కోసం దానిని 2009లో దక్షిణ కొరియా, 2015లో జపాన్ ఒప్పుకున్నాయి. నాలుగున్నర నక్షత్రాల పక్కన ఈ ముక్క ఉండవద్దా?

అసలు పోల్చవలసింది మందు ఒంట్లో ఎంతకాలం ఉంటుందన్నది. ఫినాస్టెరైడ్ ఐదారు గంటల్లో సగానికి తగ్గుతుంది. డ్యుటాస్టెరైడ్ సగానికి తగ్గడానికే దాదాపు ఐదు వారాలు పడుతుంది. లైంగిక వాంఛ తగ్గడం, అంగస్తంభన లోపం వంటి ఇబ్బంది ఏదైనా తలెత్తి మాత్ర మానేసినవాడి రక్తంలో మందు ఇంకా నెలల తరబడి మిగిలి ఉంటుందన్న మాట. అందుకే ఫినాస్టెరైడ్ వాడినవారు చివరి మాత్ర తరువాత నెల రోజులు, డ్యుటాస్టెరైడ్ వాడినవారు ఆరు నెలలు రక్తం ఇవ్వకూడదు. గర్భిణికి ఆ రక్తం ఎక్కితే కడుపులోని మగశిశువు జననాంగాల ఎదుగుదలకు ముప్పు. మన కాలేజీల్లో ఏటా జరిగే రక్తదాన శిబిరాలకు వచ్చేది ఎవరు? జుట్టు రాలుతోందని బెంగపడే వయసు కుర్రాళ్లే కదా. వారు ఇచ్చిన సీసా ఘోషాసుపత్రిలో రక్తం అవసరమైన గర్భిణికి చేరవచ్చునన్న ఆలోచన పట్టిక తయారు చేసినవారికి రాలేదు. ఫినాస్టెరైడ్ మాత్రలు వాడేవారిలో ఆత్మహత్య ఆలోచనలు కలగడాన్ని దుష్ప్రభావంగా యూరోపియన్ ఔషధ సంస్థ 2025లో ధ్రువీకరించిన సంగతీ అందులో లేదు. ఈ రెండు మందులూ ప్రోస్టేటు జబ్బులను పసిగట్టడానికి చేసే పి.ఎస్.ఎ. రక్తపరీక్ష ఫలితాన్ని సుమారు సగానికి తగ్గించి చూపుతాయి కనుక, యాభై దాటినవారు ప్రోస్టేటు పరీక్షకు వెళ్లినప్పుడు జుట్టు మాత్ర సంగతి వైద్యుడికి తప్పక చెప్పాలి.

ఒక్క మీ పత్రికనే అనడం న్యాయం కాదు. మద్దిలపాలెం నుంచి గాజువాక దాకా ఏ కూడలిలో నిలబడినా జుట్టు మొలిపిస్తామన్న ఫ్లెక్సీలు కనిపిస్తాయి. బట్టతలను నయం చేస్తామని ఏ మందూ చెప్పుకోరాదని ఔషధ నిబంధనల్లోని షెడ్యూల్ జె చెబుతున్నా వాటిని దించేవారు లేరు. ఉద్యోగ జీవితమంతా ఫార్మసిస్టుగా గడిపినవాడిని కనుక మా వీధి దుకాణంలో జరిగేదీ నాకు తెలుసు: గోడకు ఫార్మసిస్టు సర్టిఫికెట్ వేలాడుతూ ఉంటుంది, ఫార్మసిస్టు ఉండడు, సెల్‌ఫోన్‌లో పేరు చూపిస్తే కుర్రాడు అట్ట తీసి ఇస్తాడు. తనిఖీ అధికారులు వచ్చే రోజు మాత్రం, ముందే కబురు అందుతుందో ఏమో, సర్టిఫికెట్‌లోని మనిషి తెల్లకోటు వేసుకుని ప్రత్యక్షమవుతాడు. చీటీ అడిగే దుకాణాన్ని జనం చాదస్తం దుకాణమని పేరు పెట్టి పక్కదానికి పోవడమూ నిజమే. ఇటువంటి ఊళ్లో మీ పట్టికే చాలామందికి మందుల చీటీ అవుతుంది. దానిని కత్తిరించి జేబులో పెట్టుకుని తిరుగుతున్న కుర్రాడిని ఈ వారమే మా వీధిలో చూశాను.

కాబట్టి వచ్చే ఆదివారం అదే పేజీలో, అదే సైజు అక్షరాల్లో, చీటీ సంగతి, రక్తదానానికి ఆగవలసిన గడువు, గర్భిణులు పగిలిన మాత్రలను గాని, కారిన క్యాప్సూళ్లను గాని చేత్తో తాకరాదన్న హెచ్చరిక ప్రచురించవలసిందిగా కోరుతున్నాను. పట్టిక కిందనే జుట్టు క్లినిక్ ప్రకటనకు మీరు కేటాయించిన చోటులో పావు వంతు ఇచ్చినా సరిపోతుంది.

ఇట్లు,
ఒక విశ్రాంత ఫార్మసిస్టు,
ఎం.వి.పి. కాలనీ, విశాఖపట్నం