బొమ్మ పాడకముందే హక్కులు రాయించుకోవాలి

సంపాదకులకు నమస్కారం.

జాతీయ పసుపు బోర్డు 2025 జనవరి 14న ప్రారంభమైంది. పసుపు గురించి అవగాహన పెంచడం, కొత్త మార్కెట్లు వెతకడం దాని పనుల్లో ఉన్నాయి. రేపు ఆ ప్రచారానికి ఒక కార్టూన్ బొమ్మ, ఒక పాట, ఆపైన పిల్లల టీవీ సీరియల్ అన్న ప్రతిపాదన వస్తే, సంతకం పెట్టేముందు కాలిఫోర్నియా ఎండుద్రాక్ష రైతులకు ఏం జరిగిందో ఒకసారి చూడమని బోర్డును కోరుతున్నాను.

1986లో అక్కడి ఎండుద్రాక్ష ప్రచార సంస్థ రైజిన్ అడ్వైజరీ బోర్డు టీవీలో ఒక ప్రకటన వేయించింది. ఎండుద్రాక్షలకు కాళ్లూ చేతులూ మొలుస్తాయి. అవి వరసగా అడుగులేస్తూ, గాయకుడు మార్విన్ గే పాడగా అమెరికా అంతటికీ తెలిసిన పాత పాటొకటి అందుకుంటాయి. ప్రకటన రాసింది ఫుట్ కోన్ అండ్ బెల్డింగ్ ఏజెన్సీ. మట్టిబొమ్మలను కదిలించింది పోర్ట్‌లాండ్‌లోని విల్ విన్టన్ స్టూడియో. ప్రకటనలో మాత్రం ఆ పాట పాడింది బడ్డీ మైల్స్ అనే మరో గాయకుడు. జనం ఆ బొమ్మల వెంట పడ్డారు.

ఈ మట్టిబొమ్మల పని ఎంత నెమ్మదిదో తెలిస్తే తర్వాతి కథ అర్థమవుతుంది. సెకనుకు 24 ఫ్రేముల (విడి ఫోటోల) లెక్కన 30 సెకన్లకు 720 ఫ్రేములు. ఒక్కో భంగిమను రెండేసి ఫ్రేములు తీసినా బొమ్మను 360 సార్లు చేత్తో కదపాలి. లైట్ల వేడికి మట్టి మెత్తబడుతుంది, వేలిముద్రలు పడతాయి. అవి ఫ్రేముకీ ఫ్రేముకీ మారిపోతే తెరమీద బొమ్మ ఒంటిమీద ఏదో పాకుతున్నట్టు కనిపిస్తుంది. పెదవులు పాటతో కలవాలంటే పాట ముందే రికార్డు కావాలి. ఏ అక్షరం ఏ ఫ్రేములో పడుతుందో షీటు మీద రాసుకుని, దాని ప్రకారం నోరు మార్చాలి. షూటింగ్ అయ్యాక సాహిత్యంలో ఒక్క మాట మార్చినా ఆ షాటు మళ్లీ తీయాల్సిందే.

ఇక 22 నిమిషాల ఎపిసోడ్ అంటే 31,680 ఫ్రేములు. 1988లో అమెరికా టీవీ సంస్థ సీబీఎస్ ఒక ప్రత్యేక కార్యక్రమాన్ని మట్టిబొమ్మలతోనే చూపింది గానీ, 1989 సెప్టెంబరులో శనివారం ఉదయాలకు 13 ఎపిసోడ్ల సీరియల్ వేసినప్పుడు పని మురకామి-వోల్ఫ్-స్వెన్సన్ స్టూడియోకి వెళ్లింది. అది గీసిన బొమ్మల కార్టూన్. ఖర్చు, గడువు చూస్తే ఆ నిర్ణయాన్ని తప్పుపట్టలేం. కానీ ఎండుద్రాక్షకు ముడతలే అందం. మట్టిలో వెలుగునీడలు పడి ఆ ముడతలు నిజంగా తినాలనిపించేలా ఉండేవి. గీతల్లో అవి చదునైపోయాయి. ఆ సీరియల్ ఆ 13 ఎపిసోడ్లతోనే ఆగిపోయింది. మొదటి ప్రకటన ఏ పద్ధతిలో తీస్తామో అదే పద్ధతిలో ఎపిసోడ్లు తీయగలమా అన్న లెక్క మొదటి రోజే వేసుకోవాలని నేననేది ఇందుకే.

రైతుకు అసలు దెబ్బ ఇంకోచోట తగిలింది. 1987లో హార్డీస్ అనే ఫాస్ట్‌ఫుడ్ హోటళ్లు ఆ బొమ్మలను దాల్చినచెక్క, ఎండుద్రాక్ష వేసిన బన్నులాంటి బిస్కెట్లతో కలిపి అమ్మాయి. అక్కడివరకు బాగుంది, బొమ్మతోపాటు సరుకూ కదిలింది. ఆ తర్వాత పాటల ఆల్బమ్‌లు, చొక్కాలు, టిఫిన్ డబ్బాలు వచ్చాయి. వాటిని కొన్న పిల్లవాడు ఒక్క ఎండుద్రాక్షయినా కొననక్కర్లేదు. ప్రచారం ఖర్చు మాత్రం రైతులు కట్టే రుసుము నుంచే వెళ్లేది. ఆ డబ్బు దగ్గరే గొడవలు ముదిరి 1994లో ఆ బోర్డు మూతపడింది.

మన పసుపు బోర్డుది ప్రజాధనం. అందుకే ఒప్పందం విషయంలో చట్టంలోని కొన్ని మాటలు గుర్తుచేస్తున్నాను. కాపీరైట్ చట్టం 19వ సెక్షన్ ప్రకారం హక్కుల బదిలీ పత్రంలో గడువు రాయకపోతే అది అయిదేళ్లే. ఏ దేశాలకో రాయకపోతే భారతదేశానికే. ఎగుమతి కోసం చేయించిన పాటను దుబాయ్‌లోనో అమెరికాలోనో వాడుకోలేకపోతే ఎంత నష్టం! రాయించుకున్న హక్కును ఏడాదిలోగా వాడకపోతే, పత్రంలో వేరే మాట లేనప్పుడు, అది రద్దవుతుంది కూడా. 2012 సవరణ తర్వాత గేయ రచయిత, సంగీత దర్శకుడు తమ రాయల్టీ వాటాను నిర్మాతకు వదిలేయలేరు. అది వారికి దక్కాల్సిందే. బడ్జెట్‌లో ముందే చూపించాలి. డబ్బిచ్చి తీయించినవారిదే సినిమా అని చట్టం చెబుతుంది గానీ, బొమ్మ తొలి స్కెచ్‌లు, త్రీడీ మోడల్ ఫైళ్లు, విడివిడి సంగీత ట్రాకులు బోర్డుకు అప్పగించాలని పత్రంలో రాయకపోతే రెండో ఏడాది ఏజెన్సీ మారినప్పుడు తగాదా తప్పదు.

ట్రేడ్‌మార్కును మసాలా దినుసుల 30వ తరగతిలో మాత్రమే నమోదు చేయిస్తే బొమ్మలు (28), దుస్తులు (25), రికార్డింగులు (9), వినోద కార్యక్రమాలు (41) బయటే ఉండిపోతాయి. కాలిఫోర్నియాలో డబ్బు పోగైంది సరిగ్గా ఈ తరగతుల సరుకుల మీదే. పాటలో పసుపు ఫలానా జబ్బు నయం చేస్తుందన్న చరణం రాకుండా చూడాలి. 1954 నాటి మందులు, మాయా నివారణల (అభ్యంతరకర ప్రకటనల) చట్టంతో చిక్కు. టీవీలో వేస్తే, ప్రకటన వేరు కార్యక్రమం వేరని స్పష్టంగా తెలియాలన్నది కేబుల్ టీవీ నిబంధన.  కాబట్టి ప్రతి ఎపిసోడ్ మొదట్లో "ఇది పసుపు బోర్డు సమర్పణ" అని తెలుగులో చదివి వినిపించాలి, చదవడం రాని పిల్లలకూ తెలిసేలా.

బొమ్మల లైసెన్సు డబ్బుకు బోర్డు వేరే ఖాతా తెరవాలి. టెండరు పత్రంతోపాటు ఆ ఖాతా నియమాలనూ వెబ్‌సైట్‌లో పెట్టి, నిజామాబాద్, దుగ్గిరాల, కడప యార్డుల రైతులు అభ్యంతరాలు చెప్పుకోవడానికి కనీసం నెల రోజులు గడువివ్వాలి.

– ఒక పాఠకుడు, హైదరాబాద్