కథ చెప్పేవాళ్లు ఉండగానే వినండి: కలెక్టర్ గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన జిల్లా కలెక్టర్ గారికి,

నమస్కారం. ఒడిశా సరిహద్దులోని ఒక తెలుగు పల్లె నుంచి రాస్తున్నాను. మా పెద్దలు చెప్పే కథలను రికార్డు చేసి భద్రపరచడానికి సాయం చేయమని రెండుసార్లు ఇచ్చిన అర్జీకి జవాబు రాలేదు. అందుకే ఇలా అందరి ముందూ అడుగుతున్నాను.

1936 ఏప్రిల్ 1న ఒడిశా కొత్త రాష్ట్రంగా ఏర్పడి, మద్రాసు ప్రెసిడెన్సీలోని మా ఊళ్లు ఇటు వచ్చాయి. బడి, కాగితాలు ఒడియాలోకి మారాయి. కథలు తెలుగులోనే మిగిలాయి. జముకు వాయిస్తూ రాత్రంతా కథ నడిపే పెద్దలు, ఊడుపుల్లో పాట అందుకునే అమ్మలు మాకు ఇంకా ఉన్నారు. పర్లాకిమిడిలో పాఠాలు చెబుతూనే గిడుగు రామమూర్తి గారు సవర భాషను సవరల నోటి నుంచే నేర్చుకున్నారు. ఆ నేలే ఇది.

పోయిన చలికాలం మా అమ్మమ్మ కాలం చేసింది. ఆమె పాడే ఊరమ్మవారి కథ నాకు సగమే వచ్చు. మిగతాది ఇప్పుడు ఎవరికీ రాదు. మా పాప ఒడియా చక్కగా చదువుతుంది, సంతోషమే. కానీ ముత్తవ్వ పాట దానికి అర్థమయ్యేది కాదు. అది చూసి ఆవిడ పాడడమే మానేసింది.

నెలకో సాయంత్రం బడి వరండా మాకు ఇప్పించండి. తెలుగు, ఒడియా, సవర, ఏ భాషలో చెప్పినా ఆ రికార్డులను గ్రంథాలయంలో భద్రపరిచేలా ఉత్తర్వు ఇవ్వండి. ఫోన్లలో రికార్డు చేయడానికి మా కుర్రాళ్లు సిద్ధంగా ఉన్నారు. సంక్రాంతికి మొదటిసారి కూర్చోవాలని ఉంది. ఆలోగా జవాబు ఇప్పించగలరు.

భవదీయుడు,
సరిహద్దు పల్లెవాసి