మా నాయన మగ్గం మీది పడుగు ముగించిన అన్నలకు, మామలకు దండాలు

మా నాయన పోయాక మా ఇంటికి వచ్చి అండగా నిలబడ్డ ప్రతి ఒక్కరికీ అమ్మ, పిల్లలం, మనవలు, మనవరాళ్ళు అందరం చేతులెత్తి దండం పెడుతున్నాం. పోచంపల్లిలో గుంట మగ్గం మీద జీవితమంతా పట్టు ఇక్కత్ నేసిన మనిషి ఆయన. పోయిన నాటికి మగ్గం మీద పడుగు (నిలువు పోగులు) అలాగే ఉంది. ఒక చీర సగంలో ఆగింది, ఇంకొకటి మొదలే కాలేదు. ఇప్పుడు ఆ రెండూ పూర్తయ్యాయి. పూర్తి చేసినవాళ్ళు చేసిందేమిటో మగ్గం పని తెలియని చుట్టాలకు, స్నేహితులకు కూడా అర్థం కావాలని ఇంత వివరంగా రాస్తున్నాం.

మొదటి దండం, కబురు తెలియగానే వచ్చి పడుగు తాడు వదులు చేసిన మామకు. ఆ ఏడుపుల్లో ఆ పని మాకెవరికీ తోచలేదు. పట్టు పడుగును బిగువుగానే రోజుల తరబడి వదిలేస్తే పోగులు సాగిపోతాయి. మళ్ళీ నేత ఎత్తుకున్న చోట బట్టకు అడ్డంగా గీత పడుతుంది, ఉతికినా పోదు. మామ తాడు వదిలి, పన్నెను (పడుగు పోగులు దూర్చే దువ్వెన లాంటి పనిముట్టును) పొడి గుడ్డతో తుడిచి, పడుగంతా పాత నూలు చీరతో కప్పి వెళ్ళాడు. వానకాలంలో గుంటలో చెమ్మ ఊరుతుంది. ఇనుప పన్నెకు తుప్పు పడితే ఆ మరక నేరుగా పట్టుకే ఎక్కుతుంది. ఎలుకల బెడద సరేసరి.

మైల తీరాక నేత మొదలైంది. అది డబుల్ ఇక్కత్, అంటే పడుగుకూ పేకకూ (అడ్డం పోగులకూ) రెండింటికీ విడివిడిగా చిటికి కట్టి (రంగు అంటకూడని చోట పోగులను బిగించి కట్టి) రంగు వేసిన పని. అలాంటి చీరను ఒకరు సగం నేసి వదిలితే ఇంకొకరు అందుకోవడం ఎందుకు కష్టమో చెప్పాలి. పన్నెతో పేకను కొట్టే దెబ్బ ప్రతి నేతగానికీ వేరు. అంగుళానికి 60 పేకలు పడతాయని లెక్కవేసి 3 అంగుళాల పువ్వుకు 180 పేకలు కట్టారనుకోండి. కొత్త చెయ్యి కాస్త గట్టిగా కొట్టి అంగుళానికి 64 పేకలు పడ్డాయంటే, పేక మీది పువ్వు దాదాపు అయిదో వంతు అంగుళం కురచవుతుంది. పడుగు మీది పువ్వు మాత్రం కట్టినంత పొడుగే ఉంటుంది. అయిదు పువ్వులు దాటేసరికి రెండింటి మధ్య తేడా ఇంచుమించు అంగుళం. ఇక ఆ చీరలో పువ్వు ఉండదు, చెదిరిన రంగులుంటాయి.

అందుకే మా వీధి అన్నలు ముందు నాయన నేసిన బట్ట మీద భూతద్దం పెట్టి పేకలు లెక్కపెట్టారు. చివరి నాలుగు పేకలు విప్పి, ఆ పోగు తెగకుండా మళ్ళీ కండెకే (పేక చుట్టే చిన్న గొట్టానికే) చుట్టుకుని, ఆయన ఆపిన చోటి గీత లేకుండా చేశారు. తర్వాత జానెడు నేసి, స్కేలుతో కొలిచి, దెబ్బ తేలిక చేసుకున్నారు. చెయ్యి మారితే దెబ్బ మారుతుందని చివరిదాకా ఒక్క అన్నే నేశాడు. పేక పడిన ప్రతిసారీ అంచు దగ్గర పోగును రవ్వంత లాగో వదిలో, పేక మీది రంగును పడుగు మీది రంగుకు సరిగ్గా కూర్చోబెట్టాడు. రెండో చీర కొంగు దగ్గర పడుగు పోగులు కొన్ని తెగాయి. అక్కడ మామూలు పోగు అతికితే పువ్వు నడుమ తెల్లటి చార వస్తుంది. నాయన ప్రతి పడుగుకూ అదే కట్టులో కొన్ని పోగులు అదనంగా ఉంచి, విడిగా చుట్టి దాచేవాడు. ఆ చుట్ట వెతికి, రంగు చోటుకు చోటు సరిపోయేలా జరిపి అతికారు. కూలి ఇవ్వబోతే ఒక్కరూ తీసుకోలేదు.

కండెల దగ్గర మాత్రం అమ్మ లేకపోతే పని ఆగేది. రంగు వేసిన పేకను కండెలకు చుట్టాక వాటిని వరసగా దారానికి గుచ్చి ఉంచుతారు. వరస తప్పితే పువ్వు ముక్కలవుతుంది, అసలు అంచు నుంచి కాక అవతలి అంచు నుంచి మొదలుపెడితే ఎడమది కుడికి పోతుంది. ఏ కొస మొదటిదో నాయన వేసిన ముడిని బట్టి గుర్తుపట్టింది అమ్మే. పేకను ఆసు పోసింది, అంటే మేకుల చుట్టూ తిప్పి సిద్ధం చేసింది, ఎప్పుడూ ఆమే కదా. ఒక్క చీర పేకకు మేకుల చుట్టూ చెయ్యి వేల సార్లు అటూ ఇటూ తిరగాలి. చింతకింది మల్లేశం గారు 1999లో ఆసు యంత్రం తయారుచేశాక, అది మా ఇంటికి వచ్చేదాకా నాయన ఊరుకోలేదు. అమ్మ భుజం నొప్పి ఆయనకు తెలుసు. ఇంట్లో నేసిన ప్రతి చీరనూ ఆయన ‘మా ఇద్దరి చీర’ అనే చెప్పేవాడు. అది నిజం కూడా.

ఆయన పని తీరు గురించి రెండు మాటలు. పట్టు ఉడకబెట్టడం ఎవరికీ అప్పగించేవాడు కాదు. కిలో ముడి పట్టును సబ్బు, సోడా నీళ్ళలో ఉడికిస్తే బంక పోయి ఇంచుమించు ముప్పావు కిలో మిగులుతుంది. తూకం అంతకంటే ఎక్కువ వచ్చిందంటే బంక ఇంకా ఉన్నట్టే, రంగు మచ్చలు మచ్చలుగా పడుతుంది. చిటికికి సైకిల్ ట్యూబును సన్నగా కోసిన రబ్బరు వాడేవాడు. కట్టు వదులైతే రంగు లోపలికి పాకి పువ్వు అంచు మసకబారుతుంది, మరీ బిగిస్తే పోగు కోసుకుపోతుంది. కట్టిన పోగును ముందు మంచినీళ్ళలో పూర్తిగా నానబెట్టి, పిండి, అప్పుడే రంగులో ముంచాలి. లేత రంగు ముందు, ముదురు రంగు ఆఖరున. తాత పక్కన కూర్చుంటే మనవళ్ళకూ మనవరాళ్ళకూ ఇవే పాఠాలు. గ్రాఫు కాగితం చేతిలో పెట్టి ‘ఈ గడికి ఎన్ని పోగులు?’ అని అడిగేవాడు. తప్పు చెబితే కోప్పడకుండా మళ్ళీ లెక్కపెట్టించేవాడు.

కళ్ళు దానం చేయాలన్నది ఆయన కోరిక. ఆ రాత్రి ఐ బ్యాంకుకు ఫోన్ చేసి, వాళ్ళు వచ్చేదాకా ఏం చేయాలో దగ్గరుండి చెప్పిన డాక్టరు గారికి, అంత రాత్రి వచ్చిన బృందానికి మా వందనాలు. ఇది అందరికీ పనికొస్తుందని రాస్తున్నాం. ప్రాణం పోయిన 6 గంటల లోపు కార్నియా (నల్లగుడ్డు మీది పారదర్శకమైన పొర) తీయాలి. అప్పటిదాకా రెప్పలు మూసి పైన తడి దూది పెట్టాలి, తల కింద దిండు వేసి ఎత్తుగా ఉంచాలి, ఫ్యాను ఆపేయాలి. గాలికి కార్నియా ఎండిపోతే పనికిరాదు. వాళ్ళ పని అరగంటలోపే అయిపోయింది, పరీక్షకు కొంచెం రక్తం తీసుకున్నారు, ముఖంలో తేడా ఏమీ తెలియలేదు. షుగరున్నా, కళ్ళద్దాలున్నా, శుక్లాల ఆపరేషన్ అయినా ఇవ్వవచ్చు. ముందుగా పేరు రాయించకపోయినా ఇంటివాళ్ళు ఒప్పుకుని సంతకం చేస్తే చాలు. దగ్గర్లోని ఐ బ్యాంకు నంబరు ఇప్పుడే ఫోన్లో పెట్టుకోండి, ఆ సమయంలో వెతకడానికి చేతులాడవు.

మరణ ధ్రువపత్రం పని నెత్తిన వేసుకున్న తమ్ముడికి కూడా ఎంతో రుణపడ్డాం. 21 రోజుల్లోపు నమోదు చేయిస్తే సులువు, తర్వాత ఆలస్య రుసుము, అనుమతులు మొదలవుతాయి. ఆధార్‌లో, బ్యాంకు పుస్తకంలో, చేనేత సంఘం రికార్డులో ఇంటిపేరు ఒకేలా ఉందో లేదో చూసుకున్నాకే ఫారం ఇవ్వాలని పట్టుబట్టింది అతనే. ఒక్క అక్షరం తేడా ఉన్నా ఖాతా దగ్గర, పింఛను దగ్గర పని ఆగిపోతుంది.

అన్నం వండి పంపిన ఇళ్ళకు, కర్మ రోజు వడ్డన చూసుకున్న పిల్లలకు, దూరం నుంచి వచ్చిన చుట్టాలకు పేరుపేరునా దండాలు. చీరలు రెండింటికీ సంఘం వాళ్ళు పూర్తి మజూరీ కట్టి, డబ్బు అమ్మ చేతికే ఇచ్చారు.

నాయన గీసిన గ్రాఫు కాగితాలు, ప్రతి రంగుకూ రాసుకున్న పాళ్ళ పుస్తకం ఇంట్లో ఉన్నాయి. మగ్గం మీద ఉన్నవాళ్ళు ఎవరికి కావాలన్నా వచ్చి నకలు తీసుకోవచ్చు. అసలు కాగితాలు మడతల దగ్గర చిరుగుతున్నాయి కాబట్టి బయటికి ఇవ్వలేం, ఇక్కడే ఫోటో తీసుకోండి. ఏ గ్రాఫు ఏ చీరదో అమ్మ చెబుతుంది.