బరువు తగ్గించే ఆపరేషన్: రాయాల్సిన సంగతులు వదిలేశారు

సంపాదకులకు,

గత ఆదివారం మీ ఆరోగ్యం పేజీలో స్థూలకాయ శస్త్రచికిత్సలపై వచ్చిన వ్యాసం లైపోసక్షన్‌నూ, జీర్ణాశయానికి ఆపరేషన్ చేసి బరువు తగ్గించే బేరియాట్రిక్ సర్జరీనీ ఒకే గాటన కట్టడం చూసి, నాలుగు రోజులు ఊరుకుని, ఇక ఉండబట్టలేక రాస్తున్నాను. లైపోసక్షన్ చర్మం కింది కొవ్వును లాగేసే సౌందర్య చికిత్స మాత్రమే, అది స్థూలకాయానికి వైద్యం కాదు.

బేరియాట్రిక్ పద్ధతులూ అన్నీ ఒకటి కావు. స్లీవ్ అనే పద్ధతిలో జీర్ణాశయాన్ని 75 నుంచి 80 శాతం దాకా కోసి తీసేస్తారు. దాన్ని మళ్లీ వెనక్కి తేలేరు. గ్యాస్ట్రిక్ బైపాస్ అనే మరో పద్ధతిలో జీర్ణాశయం పైభాగాన్ని చిన్న సంచిలా విడదీసి నేరుగా చిన్నపేగుకు కలుపుతారు. మధుమేహం అదుపులోకి రావడం సాధారణంగా ఇందులోనే ఎక్కువ, పోషకాల లోపమూ ఇందులోనే ఎక్కువ. గుండెల్లో మంట ఉన్నవారికి స్లీవ్ తర్వాత ఆ బాధ ముదిరే ప్రమాదం ఉంది కనుక ఏది ఎవరికి తగునో ముందే తేల్చుకోవాలి.

మా చెల్లెలికి ఏళ్లుగా ఆ మంట ఉన్నా, ఒక ప్రైవేటు ఆసుపత్రిలో ఆ సంగతి అడగకుండానే స్లీవ్ చేశారు. బరువు తగ్గింది, కాదనను. కానీ బీ12, ఐరన్, కాల్షియం, విటమిన్ డి జీవితాంతం వాడాలనీ, ఏటా రక్తపరీక్షలు చేయించుకోవాలనీ డిశ్చార్జి కాగితంలో ఒక్క ముక్క లేదు. రెండేళ్లు తిరిగేసరికి అరికాళ్లు మొద్దుబారి, నడుస్తుండగా కాలి చెప్పు జారిపోయినా తెలియని స్థితి వచ్చింది. అప్పుడు మరో వైద్యుడు పరీక్ష చేయిస్తే బీ12 లోపమని తేలింది.

బీమా ఊసే మీ వ్యాసంలో లేదు. 2019లో బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ ఖరారు చేసిన నిబంధన ప్రకారం, ఇతర మార్గాలు ఫలించక వైద్యుడి సలహాపై ఆపరేషన్‌కు వెళ్లేవారి బీఎంఐ (ఎత్తుతో పోల్చి బరువును చూపే లెక్క) 40 లేదా ఆపైన ఉంటే, లేక 35 లేదా ఆపైన ఉండి అదుపులేని మధుమేహమో తీవ్రమైన స్లీప్ ఆప్నియా (నిద్రలో ఊపిరి ఆగి ఆగి రావడం) వంటి జబ్బో ఉంటే, స్థూలకాయ చికిత్సకు బీమా సొమ్ము ఇవ్వబోమని పాలసీల్లో పెట్టే మినహాయింపు వారికి వర్తించదు. ఈ సంగతి తెలియక నగలు తాకట్టు పెట్టిన కుటుంబాలను నేనెరుగుదును.

ఇక అధికారుల సంగతి. స్థూలకాయం తగ్గిస్తుందని ఏ మందుకూ ప్రకటన ఇవ్వకూడదని 1954 నాటి డ్రగ్స్ అండ్ మ్యాజిక్ రెమెడీస్ చట్టం చెబుతోంది. అయినా నెలకు పది కిలోలు తగ్గిస్తామనే పొడుల ప్రకటనలు కరెంటు స్తంభాల మీద, బస్సుల వెనుక, చివరికి మీ వ్యాసం అచ్చయిన పేజీ అడుగునా ఉన్నాయి. ఔషధ నియంత్రణ శాఖ ఎవరి మీద కేసు పెట్టింది? ఫిర్యాదు చేసి మూడు నెలలైనా నాకు జవాబు రాలేదు.

ఆ వ్యాసానికి సవరణ వేయండి. ఆపరేషన్ తర్వాత జీవితాంతం పాటించాల్సిన జాగ్రత్తలను అందులో మొదటి పేరాలోనే రాయండి.

– ఒక విశ్రాంత ఉపాధ్యాయురాలు, తెనాలి