నాగార్జునసాగర్ కింద గాలం వేసేవాళ్లకు ఒక మాట

అన్నలకు, తమ్ముళ్లకు నమస్తే. నిన్న డ్యామ్ కింద బండల మీద జరిగిన గొడవ చూసి మనసు పాడైంది. తెల్లవారకముందే వచ్చి కూర్చున్న ఒక పెద్దాయన ముందు నుంచే ఇద్దరు గాలం విసిరారు. దారాలు చిక్కుపడితే ఆయన దారమే కోసేసి, పైగా ఆయన్నే తిట్టారు. ఇది చాలా తప్పు.

కృష్ణ పారే నీరు. ఎగువన వేసిన దారం కిందివాళ్ల మీదికే కొట్టుకొస్తుంది. అందుకే ముందొచ్చినవాళ్లకు ఎగువన ఆనుకొని నిలబడొద్దు. జాగా లేకపోతే "అన్నా, ఇక్కడ వేసుకోవచ్చా" అని అడగండి, చాలామంది జరిగి చోటిస్తారు. పక్కవాళ్లకు పెద్ద బొచ్చె చేప పడితే వెంటనే మీ దారం చుట్టేయండి.

పుట్టి మీద వచ్చే మత్స్యకారులతో అసలు పేచీ వద్దు. మనకిది సరదా, వాళ్లకు బతుకుదెరువు. వల కనబడితే దూరంగా వేయండి.

అంచుల్లో ఎర్రటి చేపపిల్లల గుంపు కనిపిస్తే కింద కొర్రమీను కాపలా ఉంటుంది. దాన్ని పట్టొద్దు, కాపలా చేప పోతే ఆ పిల్లలన్నీ ఇతర చేపల పాలవుతాయి. మన రాష్ట్ర చేప అది.

ఇంకోటి, 26 గేట్లూ మూసి ఉన్నా కరెంటు కోసం నీళ్లు వదిలితే మట్టం పెరుగుతుంది. పోలీసులు పైకి రమ్మంటే వాదించకుండా రండి.

తెగిన నైలాన్ దారం పక్షుల కాళ్లకు చుట్టుకుంటోంది. ఆదివారం వచ్చేవాళ్లు ఒక్కో సంచి తెచ్చుకోండి, వెళ్లేముందు ఏరుదాం.