పేజీలో రాసింది ఒకటి, పెట్టెలో వచ్చింది ఇంకొకటి: మ్యూజిక్ ప్లేయర్ కిట్‌పై ఫిర్యాదు

ఫిర్యాదుల పరిష్కార అధికారి గారికి,

విషయం: రాస్‌బెర్రీ పై 4 హోమ్ మ్యూజిక్ ప్లేయర్ కిట్‌లో ప్రకటించిన భాగాలకు బదులు వేరేవి పంపడం గురించి.

అయ్యా,

మీ సైట్‌లో తొమ్మిది వేల పైచిలుకు కట్టి, రాస్‌బెర్రీ పై 4 అనే చిన్న కంప్యూటర్ బోర్డుతో వచ్చే ఈ కిట్ కొన్నాను. బిల్లు, ఆర్డర్ వివరాలు, కొన్నరోజు మీ పేజీకి తీసిన స్క్రీన్‌షాట్ ఈ మెయిల్‌కు జతచేశాను. ఆ పేజీలో మీరు మూడు సంగతులు పెద్ద అక్షరాల్లో రాశారు. పీసీఎమ్5122 చిప్‌తో, హార్డ్‌వేర్ వాల్యూమ్ కంట్రోల్ ఉన్న డాక్ బోర్డు, అంటే డిజిటల్ పాటను ఆంప్లిఫయర్‌కు పనికొచ్చే సంకేతంగా మార్చే బోర్డు, ఇస్తామన్నారు. 5.1 వోల్టులు, 3 ఆంపియర్ల అడాప్టర్ ఇస్తామన్నారు. పాట పేరు తెలుగుతో సహా భారతీయ భాషల్లో చూపించే డిస్‌ప్లే అన్నారు. పెట్టెలో ఈ మూడింట్లో ఒక్కటీ లేదు. వాటి స్థానంలో చూడ్డానికి అలాగే ఉండే వేరే సరుకు ఉంది.

అసలు బోర్డు మీద నాకు ఏ ఫిర్యాదూ లేదు. రాస్‌బెర్రీ పై 4 చెప్పినట్టే వచ్చింది, బాగానే పనిచేస్తోంది. దానికి హెడ్‌ఫోన్ జాక్ ఉంది కానీ అందులోంచి వచ్చే ఆడియో పీడబ్ల్యూఎమ్ పద్ధతిలో, అంటే సిగ్నల్‌ను అతివేగంగా ఆన్, ఆఫ్ చేస్తూ పుట్టించేది. ఆంప్లిఫయర్‌కు కలిపితే పాట వెనకాల సన్నగా బుస వినిపిస్తుంది. ఆ సంగతి తెలిసే, బోర్డు ఒక్కటీ కొనుక్కోకుండా, బోర్డుకున్న 40 పిన్నుల మీద కూర్చునే డాక్ ఉన్న మీ కిట్‌కు ఎక్కువ డబ్బు పెట్టాను. నాన్న దాచుకున్న హరికథలు, బుర్రకథలు, రేడియోలో వచ్చినప్పుడు రికార్డు చేసుకున్న లలిత సంగీతం క్యాసెట్లు ఓ పెట్టెడు ఉంటే, వాటన్నిటినీ కంప్యూటర్‌లోకి ఎక్కించి, నాణ్యత తగ్గని ఫ్లాక్ ఫైళ్లు చేసి హార్డ్ డిస్కులో పెట్టాను. ఆయనకు ఫోన్‌లో పాటలు వెతుక్కోవడం చికాకు. హాల్లో ఉన్న పాత ఆంప్లిఫయర్ పక్కన ఒక చిన్న డబ్బా, పొద్దున ఐదున్నరకు దానంతట అది సుప్రభాతం మొదలుపెట్టాలి. కావాల్సిందల్లా అంతే.

ముందు డాక్ సంగతి చెప్తాను, మిగతా రెండూ దాని తర్వాతే.

కిట్ బిగించి ఆన్ చేస్తే, మీరు కార్డులో ఎక్కించి పంపిన సాఫ్ట్‌వేర్‌కు సౌండ్ కార్డే దొరకలేదు. ఫోన్ చేస్తే మీ టెక్నీషియన్, బోర్డు సెట్టింగులు ఉండే కాన్ఫిగ్ ఫైల్లో ఒక లైను మార్చమన్నారు. 'హైఫైబెర్రీ-డాక్‌ప్లస్' అని ఉన్నచోట 'ప్లస్' తీసేసి సేవ్ చేయమన్నారు. చేశాను. పాట వచ్చింది. ఆయన 'సాల్వ్ అయిపోయింది సార్' అని టికెట్ మూసేశారు. మర్నాడు తెల్లవారుజామున సుప్రభాతం ఫుల్ వాల్యూమ్‌లో మోగింది. నాన్న ఉలిక్కిపడి లేచారు. ఎదురింటివాళ్లు గుడి మైకు అనుకున్నారట. తీరా చూస్తే ప్లేయర్‌లో వాల్యూమ్ గీతే మాయమైంది, తగ్గిద్దామన్నా తగ్గించే దారి లేదు.

మీ టెక్నీషియన్ మార్పించిన ఆ ఒక్క మాటే మీరు ఏ చిప్ పంపారో చెప్తోంది. 'డాక్‌ప్లస్' అన్న లైను పీసీఎమ్5122 కుటుంబానికి చెందినది. ఆ చిప్‌కు ఐ2సీ అనే దారిలో ఆదేశాలు పంపొచ్చు, వాల్యూమ్ పెంచడం తగ్గించడం చిప్ లోపలే జరుగుతుంది. ఉత్త 'డాక్' అన్న లైను పీసీఎమ్5102ఏ లాంటి వాటికి. అది వచ్చిన ఆడియోను వచ్చినట్టు బయటకు పంపుతుంది, వాల్యూమ్ మాట దానికి తెలియదు. అనుమానం వచ్చి ఆ ఐ2సీ దారి మీద ఏ చిప్పులున్నాయో వెతికే కమాండ్ ఇచ్చాను. 5122 ఉంటే 4డి లాంటి ఒక చిరునామా కనపడాలి. పట్టిక నిండా గీతలే వచ్చాయి, అంటే ఏ చిప్పూ జవాబివ్వలేదు.

అప్పటికీ నమ్మక, టార్చ్ వేసి భూతద్దంతో బోర్డు చూశాను. చిప్ మీద అక్షరాలను ఎవరో గీకేశారు. సన్నటి ఇసుక కాగితంతో రుద్దినట్టు మచ్చ ఉంది. కానీ కాళ్లు గీకలేరు కదా. పీసీఎమ్5122కు 28 కాళ్లు, పక్కకు 14 చొప్పున. మీ బోర్డు మీది చిప్‌కు పక్కకు 10, మొత్తం 20. పీసీఎమ్5102ఏకు ఉండేవి సరిగ్గా అన్నే. దగ్గర నుంచి తీసిన ఫొటోలు పంపుతున్నాను, జూమ్ చేసి మీరే లెక్కపెట్టుకోండి.

5102ఏ చెడ్డ చిప్ కాదు. బుస లేదు, పాట శుభ్రంగా ఉంది. ఆ పేరే పేజీలో రాసి, దానికి తగ్గ ధర పెట్టి అమ్మి ఉంటే అదే కొనుక్కునేవాణ్ణేమో. చౌక చిప్ పెట్టి, పేరు గీకేసి, ఖరీదైన చిప్ పేరుతో అమ్మడమే నా అభ్యంతరం. 'సాఫ్ట్‌వేర్ వాల్యూమ్ పెట్టుకోండి, తేడా తెలీదు' అని మీవాళ్లు చెప్పారు. పెట్టుకున్నాను, ప్రస్తుతం దానితోనే నడుస్తోంది. తేడా తెలియకపోతే పేజీలో హార్డ్‌వేర్ వాల్యూమ్ అని అంత గొప్పగా ఎందుకు రాశారు?

ఇక అడాప్టర్. మీరు పంపినదాని మీద 5 వోల్టులు, 2 ఆంపియర్లు అని అచ్చయి ఉంది. అది మామూలు ఫోన్ చార్జర్. ఈ బోర్డుకు 3 ఆంపియర్లది కావాలని తయారుచేసినవాళ్లే చెప్తారు. దానికి తోడు హార్డ్ డిస్క్ కూడా యూఎస్‌బీ నుంచే కరెంటు లాగుతుంది. హరికథ మంచి పట్టులో ఉండగా డిస్క్ తెగిపోవడం, పాట ఆగడం, మళ్లీ డిస్క్ తిరగడం మొదలుపెట్టిన చప్పుడు రావడం మాకు రోజూ అలవాటైపోయింది. మీకు చెప్తే వచ్చిన జవాబు: 'మీ ఇంట్లో వోల్టేజీ లో ఉందండి, స్టెబిలైజర్ పెట్టించుకోండి.'

మీ అడాప్టర్ మీదే ఇన్‌పుట్ 100 నుంచి 240 వోల్టులు అని రాసి ఉంది. గోడలో 200 వచ్చినా 230 వచ్చినా అది 5 వోల్టులే ఇవ్వాలి. అదే ప్లగ్గులో ఫ్రిజ్ ఏ గొడవా లేకుండా నడుస్తోంది. ఈ బోర్డు 4.63 వోల్టుల కంటే తగ్గితే తానే కనిపెట్టి గుర్తుపెట్టుకుంటుంది. ఆ గుర్తును అడిగే కమాండ్ ఇస్తే మీ అడాప్టర్‌తో 0x50005 అని వచ్చింది. అంటే వోల్టేజీ ఇప్పుడూ తక్కువే, ఇంతకుముందూ తగ్గింది, అందువల్ల ప్రాసెసర్ వేగం తగ్గించుకోవాల్సి వచ్చింది అని అర్థం. స్నేహితుడి దగ్గర 5.1 వోల్టులు, 3 ఆంపియర్ల అడాప్టర్ అరువు తెచ్చి, అదే ప్లగ్గులో, అదే డిస్కుతో పెట్టి చూస్తే 0x0, అంటే ఏ లోపమూ లేదు. కథ మధ్యలో ఆగలేదు. రెండు స్క్రీన్‌షాట్లూ జతలో ఉన్నాయి. తక్కువ కరెంటుతో ఇలా పడుతూ లేస్తూ ఉంటే మెమరీ కార్డు, దాంతో పాటు హార్డ్ డిస్కులో ఉన్నవీ దెబ్బతినే ప్రమాదం ఉంది. ఆ క్యాసెట్లలో కొన్ని ఇప్పటికే బూజు పట్టాయి, రెండోసారి ఎక్కించే అవకాశం లేదు. నా టెన్షన్ అంతా దాని గురించే.

డిస్‌ప్లే గురించి ఎక్కువ చెప్పను. వచ్చింది 16 అక్షరాలు, రెండు వరుసలు ఉండే పాతకాలపు ఎల్‌సీడీ. దానిలో ఇంగ్లిష్, జపాన్ కటకానా అక్షరాలు ముందే అచ్చుపోసి ఉంటాయి. మనం సొంతంగా చేర్చుకోగలిగేవి ఎనిమిదంటే ఎనిమిది. గుణింతాలు, ఒత్తులు ఉన్న తెలుగు దాని వల్ల కాదు, ఏ అప్‌డేట్ వచ్చినా కాదు. తెలుగులో పేరున్న ప్రతి పాటకూ గ్రీకు ఆల్ఫా, దాని పక్కన జపాన్ గీతలు కనిపిస్తున్నాయి. నాన్న దాన్ని చూసి, 'ఇదేం భాషరా?' అని అడిగారు. 'త్వరలో అప్‌డేట్ వస్తుంది' అని మీరు మెయిల్ పెట్టారు. ఆ మాట రాసినవారికి ఆ డిస్‌ప్లే ఎలా పనిచేస్తుందో తెలియదు, లేదా తెలిసే రాశారు.

ఇవన్నీ చూపించి వాపసు అడిగితే రెండు కారణాలు చెప్పి కాదన్నారు. కేసు విప్పాను కాబట్టి వారంటీ పోయిందట. మీ కిట్ వచ్చిందే విడిభాగాలుగా, నాలుగు స్క్రూలు, చిన్న స్క్రూడ్రైవర్, బిగించే విధానం రాసిన కాగితంతో సహా. విప్పకుండా వాడాలంటే ముందు మీరు బిగించి పంపాలి. రెండోది, రిటర్న్ గడువు దాటిపోయిందట. గడువులోపలే నా మొదటి ఫిర్యాదు మీకు చేరింది. లైను మార్చమని, స్టెబిలైజర్ పెట్టమని, అప్‌డేట్ కోసం ఆగమని గడువు దాటేదాకా తిప్పింది మీరే. మీ మెయిళ్ల మీద తేదీలు ఉన్నాయి.

2020 నాటి వినియోగదారుల రక్షణ (ఈ-కామర్స్) నియమాల ప్రకారం, ప్రకటించిన లక్షణాలు లేని వస్తువును వెనక్కి తీసుకోబోమని, డబ్బు తిరిగి ఇవ్వబోమని అమ్మినవారు అనడానికి వీల్లేదు. ఫిర్యాదు అందిన 48 గంటల్లో అందినట్టు తెలియజేయాలి, నెలలోపు పరిష్కరించాలి. ఆ నెల ఈ మెయిల్‌తో మొదలవుతుంది. అప్పటికీ తేలకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేస్తాను, తర్వాత మా జిల్లా వినియోగదారుల కమిషన్‌లో వేస్తాను. 2019 చట్టం వచ్చాక నేను ఉన్న చోటే కేసు వేసుకోవచ్చు, మీ ఊరు రానక్కర్లేదు. ఈ మొత్తానికి ఫీజు కూడా లేదు.

నాకు కావాల్సింది రెండింట్లో ఒకటి. పేజీలో చెప్పిన డాక్ బోర్డు, అడాప్టర్, తెలుగు చూపించే డిస్‌ప్లే పంపి, పాతవి మీ ఖర్చుతో తీసుకెళ్లండి. లేదా కిట్ మొత్తం తీసుకుని, డెలివరీ చార్జీతో సహా డబ్బంతా నేను కట్టిన ఖాతాకే వేయండి. మీ సైట్‌లో వాడుకునే కూపన్ ఇస్తామంటే ఒప్పుకోను. ఏది చేసినా ఆ పేజీలో రాతలు మాత్రం సరిచేయండి. ఈ మెయిల్ రాస్తున్న సమయానికి కూడా అక్కడ 5122 అనే ఉంది.

పార్సిల్ తీసుకెళ్లడానికి మనిషిని పంపేముందు ఫోన్ చేయించండి. పగటిపూట ఇంట్లో నాన్న ఒక్కరే ఉంటారు, ఆయనకు ఓటీపీ చెప్పడం అలవాటు లేదు. సాయంత్రం ఆరు తర్వాతైతే నేనే ఉంటాను. మీ కిట్‌లో వచ్చినవన్నీ పెట్టెలో సర్ది ఉంచుతాను. హార్డ్ డిస్క్ మాత్రం నాది, అది పెట్టెలో ఉండదు.

ఇట్లు,
జతచేసిన బిల్లులో పేరున్న కొనుగోలుదారు,
హనుమకొండ.